రెండు ఓడలు, పదకొండు ప్రదక్షిణలు

చిలుకూరు గుడిలో నాలుగో ప్రదక్షిణ చేస్తుండగా అనుమానం వచ్చింది: నేను కోరుతున్నది అసలు ఎవరైనా తీర్చగలిగే కోరికేనా? అమ్మ రొమ్ములో గడ్డ నుంచి సూదితో తీసిన ముక్క అప్పటికి రెండు రోజులుగా ల్యాబ్‌లో ఉంది. అది క్యాన్సరో కాదో ఎప్పుడో ఖాయమైపోయింది. తెలియనిది మాకే. పరీక్ష రాసేసి, రిజల్ట్స్ ముందురోజు కొబ్బరికాయ కొట్టే ఇంటర్ కుర్రాడికీ నాకూ తేడా లేదు.

నేను దేవుణ్ణి నమ్మను. ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో మానేశాను, పెద్ద సంఘర్షణేమీ లేకుండా, జిమ్ మానేసినట్టు. అమ్మ "11 ప్రదక్షిణలే కదరా, తిరిగి రా" అంటే వెళ్ళాను. మా ఆఫీసులో సగం మంది వీసాల కోసం తిరిగిన గుడే. హుండీ ఉండదు. కోరిక చెప్పుకుని 11, తీరాక వచ్చి 108.

జరిగిపోయినదాని గురించి ప్రార్థించడం మీద మైకేల్ డమ్మెట్ అనే బ్రిటిష్ తాత్వికుడు 1964లో ఒక వ్యాసం రాశాడు. ఒక తండ్రి రేడియోలో వింటాడు: కొద్ది గంటల క్రితం ఓడ మునిగింది, బతికింది కొందరే. కొడుకు ఆ ఓడలోనే ఉన్నాడు. వాడు బతికినవాళ్ళలో ఉండాలని ఆ తండ్రి అప్పుడు ప్రార్థిస్తాడు. యూదుల మిష్నా ఇలాంటిదాన్ని వృథా ప్రార్థన అంటుంది. ఊరికి తిరిగొస్తున్నవాడికి ఊళ్ళోంచి ఏడుపులు వినబడితే, అవి మా ఇంట్లోవి కాకూడదు అని కోరుకోవడం వృథా. డమ్మెట్ మాత్రం ఆ తండ్రిని అంత తేలిగ్గా కొట్టిపారెయ్యడు. అన్నీ తెలిసిన దేవుడుంటే, ఈ ప్రార్థన రాబోతోందని ఆయనకి ముందే తెలుసు కదా అంటాడు. లాజిక్‌గా బానే ఉంది. కానీ అది నడవాలంటే ముందు దేవుడుండాలి.

నన్ను ఎక్కువ సతాయించింది ఇంకో ఓడ. డబ్ల్యూ.కె. క్లిఫర్డ్ గణితవేత్త. 1877లో నమ్మకంలోని నీతి గురించి రాస్తూ ఒక ఓడ యజమాని కథ చెప్పాడు. ఓడ పాతది, రిపేరు చేయించాలి, ఖర్చవుతుంది. ఇన్నిసార్లు క్షేమంగా వచ్చింది కదా, పొట్ట చేతపట్టుకుని పోతున్న ఇన్ని కుటుంబాలని దేవుడు చూసుకోడా అని తనకి తను నచ్చజెప్పుకుంటాడు. మనస్ఫూర్తిగా నమ్ముతాడు కూడా. ఓడ నడిసముద్రంలో మునిగిపోతుంది, అతను ఇన్సూరెన్సు డబ్బు తీసుకుంటాడు. ఒకవేళ ఓడ క్షేమంగా చేరినా అతని తప్పు రవ్వంత కూడా తగ్గదంటాడు క్లిఫర్డ్.

అమ్మకి ఆ గడ్డ నాలుగు నెలల ముందే చేతికి తగిలింది. ఎవరికీ చెప్పలేదు. పసుపుగుడ్డలో రూపాయి ముడుపు కట్టి, పూజ అలమరలో పెట్టింది. "ఆయనే చూసుకుంటాడనుకున్నా" అంది, బట్టలారేసిన సంగతి చెప్పినంత మామూలుగా. నాకు ఒళ్ళు మండిపోయింది. అరిచాను కూడా.

తర్వాత ఆలోచిస్తే, ఓడ యజమాని దగ్గర ఉన్నది నమ్మకం కాదనిపించింది. రిపేరు ఖర్చంటే భయం. దేవుణ్ణి దానికి ముసుగేశాడు. అమ్మకీ భయమే. డాక్టరు నోటివెంట ఆ మాట వినాల్సొస్తుందని, నా సెలవులు పాడవుతాయని. ముడుపు లేకపోతే ఇంకేదో సాకు దొరికేది. ఇది అమ్మని వెనకేసుకు రావడమేనా? కొంత అవును.

తిక్క పుట్టించేదేమిటంటే, రిపోర్టు కోసం ఆగిన ఆ వారం రోజులు అమ్మ హాయిగా నిద్రపోయింది. నేను రాత్రి రెండింటిదాకా ఫోన్లో బతికే శాతాలు చూస్తూ కూర్చున్నాను. నిన్న చూసిన పేజీలే మళ్ళీ. నా జపమాల అది. విలియం జేమ్స్ 1896లో క్లిఫర్డ్‌కి జవాబిస్తూ, రుజువులు తేల్చలేనిచోట, నిర్ణయాన్ని తప్పించుకోలేనిచోట నమ్మే హక్కు మనిషికుందన్నాడు. ముందు నాలుగు నెలలకి ఈ హక్కు వర్తించదు. ఒక స్కానూ ఒక సూదీ తేల్చేసేవి. ముక్క ల్యాబ్‌కి వెళ్ళాక ఆ వారం మాత్రం అమ్మది. అప్పుడు ఆవిడ నిద్రని తప్పుపట్టడానికి నా దగ్గర ఏ వాదనా లేదు. అసూయ ఉంది.

ప్రదక్షిణల సంగతికొస్తే, ఏడో ఎనిమిదో తిరిగేసరికి నా కోరిక మారిపోయింది. రిపోర్టు గురించి అడగడం మానేశాను. ఏదొచ్చినా ఆ నాలుగు నెలల్ని మళ్ళీ అమ్మ ముఖాన కొట్టకుండా ఉండాలి అనుకున్నాను. అది ఇంకా జరగలేదు కాబట్టి కోరుకోవచ్చు. ఎవరితో అన్నానో నాకు తెలీదు. గోడవైపు చూసి అన్నానని చెబితే అబద్ధం, దేవుడికి చెప్పానన్నా అబద్ధమే.

రిపోర్టులో క్యాన్సరే. రెండో స్టేజి. ఆపరేషనూ కీమో అన్నారు. "చూశావా, రెండులోనే పట్టుకున్నాడు" అంది అమ్మ. నాలుగు నెలల క్రితమైతే ఒకటిలోనే పట్టుకునేవాడేమో అన్నమాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. తర్వాత రెండుసార్లు మింగలేకపోయాను.

కీమో అయ్యాక, పోయిన నెల 108కి వెళ్ళాం. కోరిక తీరినట్టేనా అని వాదించలేదు. అమ్మ నడవలేదు కాబట్టి ఒక పక్కన కూర్చోబెట్టి నేను తిరిగాను. అంకెలున్న చీటీ, పెన్నూ ఆవిడ చేతిలో. నేను లెక్క తప్పుతానని ఆవిడకి గట్టి నమ్మకం. 42 దగ్గర అమ్మకి కునుకు పట్టింది. లేపలేదు. చీటీ మెల్లిగా తీసుకుని, నేనే గీతలు పెట్టుకుంటూ నడిచాను.