సంకల్పమున దేశస్మరణము

వినాయక చవితినాడు ఆంధ్రగృహస్థుడు ఆచమనానంతరము సంకల్పము చెప్పును. తాను కూర్చున్న చోటు శ్రీశైలమునకు ఏ దిక్కుననున్నదో, ఏ నదుల నడుమనున్నదో అందు పేర్కొనును. చాలమందికిది కంఠపాఠమేగాని అర్థవిచారము లేదు.

మరి అండమాను దీవులలోని తెలుగువాడేమి చెప్పవలెను? 2011 జనగణనము ప్రకారము అచట తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 50 వేలమంది. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి వెళ్లిన జాలరులు వారిలో పలువురు. వారికి చుట్టును సముద్రమే. అలవాటుచొప్పున కృష్ణాగోదావరుల నడుమనున్నామని పలికినచో పూజారంభముననే అసత్యము దొరలును. దేవుడెరుగడా యందురు కొందరు. ఆయన యెరుగును, ఎరుగవలసినది మనము. చెదరిన మనస్సును తానున్న దేశమునకు, ఆనాటి తిథివారములకు తెచ్చి నిలుపుటయే సంకల్పప్రయోజనము.

సముద్రయానము పాతిత్యహేతువని బోధాయన ధర్మసూత్రము. 1858 మొదలు అచటికి పంపబడిన ఖైదీలను 'కాలాపానీ' యను పేరే భయపెట్టుటకు ఇదియు నొక కారణము. ఆ నీటినే దాటి యిల్లు కట్టుకొన్నవాడు తాను సముద్రమధ్యమున నున్నానని సంకల్పమందు సంకోచింపక చెప్పుకొనవచ్చును.

నదులమాట యేమందురా? పిదప కలశపూజ కలదు. గంగను, గోదావరిని, కావేరిని అప్పుడు చెంబెడు నీటిలోనికి పిలుతుము. అది దీవిలో వానకు పట్టిన నీరైనను ఆ పిలుపునకు అభ్యంతరము లేదు.