పూర్వీకుడి వృత్తి, పూర్వీకుడి ధర్మం

పాత ఇనాం రిజిస్టరులో ముత్తాత పేరు పక్కన 'నీరుగంటి' అని కనిపిస్తే ఆ పని ఏమిటో తేల్చడం పెద్ద కష్టం కాదు. చెరువు తూము తీసి మూసేది, వంతు ప్రకారం పొలాలకు నీళ్లు పారించేది, వానాకాలం రాత్రుళ్లు కట్ట మీద కాపలా ఉండేది నీరుగంటి. తెలంగాణలో అతన్నే నీరటి, నీరడి అంటారు. కళ్లంలో రైతులు కొలిచే మేర, దానికి తోడు కొద్దిపాటి మాన్యం అతని ప్రతిఫలం. తేలనిది మరొకటుంది. ఆ వృత్తి ఆ మనిషి గురించి ఎంత చెబుతుంది? వృత్తి దొరికితే పూర్వీకుడు దొరికినట్టేనా? దస్తావేజులతో మొదలైన వెతుకులాట ఇక్కడికి వచ్చేసరికి ధర్మవిచారం అవుతుంది.

ముందు దస్తావేజుల సంగతి. మద్రాసు రాజధానిలో 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్, ఏ భూమి ఎవరికి ఏ సేవ నిమిత్తం వచ్చిందో విచారించి రిజిస్టర్లకెక్కించింది. పురోహితుడు, భజంత్రీ, కుమ్మరి, తలారి, నీరుగంటి, ఎవరైనా సరే అందులో మాన్యం అనుభవించేవారిగానే కనిపిస్తారు. సర్కారుకు కావలసింది హక్కు, శిస్తు. పని నిజంగా ఎవరు చేశారన్నది దానికి రెండో సంగతి. ఈ చూపు ఇంగ్లీషువాళ్లతో పుట్టిందీ కాదు. రుద్రమదేవి కాలంలో, 1261లో వేసిన మల్కాపురం శాసనం గోళకీ మఠంలోని అధ్యాపకులను, వైద్యుణ్ణి, వంటవాళ్లను, గ్రామరక్షకులను వరస పెట్టేది కూడా వారికి ఏర్పరచిన జీవనం లెక్క కోసమే.

హక్కు ఒకరిది, పని మరొకరిది కావడం ఊళ్లలో మామూలే. వంశపారంపర్య గ్రామోద్యోగాల మీద 1895లో వచ్చిన మద్రాసు చట్టం, మైనరు బాలుణ్ణి వారసుడిగా నమోదు చేసి అతను పెద్దవాడయ్యేదాకా పని వేరొకరి చేత చేయించే వీలు కల్పించింది. కరణీకం ఒకరి పేర ఉంటే లెక్కలు రాసే గుమాస్తా ఇంకొకరు. ఇంటిపేరైతే మరీ బలహీనమైన సాక్ష్యం. రాయసం వారు తరాల కిందటే రాజుల లేఖలు రాయడం మానేశారు, స్థానాపతి వారు రాయబారాలకు వెళ్లడం మానేశారు. ఆడవాళ్ల విషయం చెప్పనే అక్కర్లేదు. గుడిసేవలో ఉన్నవారిని మినహాయిస్తే, నాట్లు వేసిన, నూలు వడికిన, మంత్రసానితనం చేసిన చేతులకు ఈ రిజిస్టర్లలో దాదాపు చోటే లేదు.

వృత్తినే మనిషి ధర్మంగా చూసే దృష్టి మన సంప్రదాయంలో బలంగా ఉంది. పద్మశాలీలకు కూనపులివారు చెప్పే కథలో మగ్గం బతుకుతెరువు మాత్రమే కాదు, మార్కండేయుడి వంశానికి దక్కిన దైవకార్యం. మాదిగలకు డక్కలివారు చెప్పే జాంబపురాణం చర్మకారుణ్ణి సృష్టికే మొదట నిలబెడుతుంది. దస్తావేజు వృత్తిని ఊరి సేవగా రాస్తే, కులపురాణం దాన్ని వంశగౌరవంగా పాడుతుంది. రెండింట్లోనూ మనిషి తన పని వెనకే ఉంటాడు.

మహాభారతం అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడి కథను ఈ పక్షానికే సాక్ష్యంగా తెస్తారు. మిథిలలో మాంసం అమ్మే అతను, తన దగ్గరకు వచ్చిన కౌశికుడితో ఇది తండ్రితాతల నుంచి వచ్చిన పని అంటాడు. నిజమే. కానీ ఆ బతుకు తనకు రావడానికి పూర్వజన్మలో తాను చేసిన కర్మను కూడా కారణంగా చెబుతాడు. పని తండ్రిది, కర్మ తనది. పైగా కౌశికుణ్ణి ఇంట్లోకి తీసుకెళ్లి తన ధర్మంగా చూపించేది దుకాణాన్ని కాదు, ముసలి తల్లిదండ్రులకు చేసే సేవను. కథను కులవృత్తి సమర్థనగా మాత్రమే చదివేవారు ఆ ఇంట్లోకి అడుగు పెట్టకుండా అంగడి దగ్గరే ఆగిపోతారు.

వంశం వివరం తెలియకుండానే మనిషిని గుర్తించిన కథా ఉంది. ఛాందోగ్యోపనిషత్తులో సత్యకాముడికి తన గోత్రమే తెలియదు. తల్లి జబాల తెలియదని చెప్పిన మాటనే అతను గురువుకు దాచకుండా చెప్పాడు. గౌతముడు శిష్యుడిగా తీసుకున్నది ఆ సత్యం చూసి.

పితృకర్మల తీరు ఇంకా స్పష్టం. తర్పణంలో తండ్రి, తాత, ముత్తాతల పేరు, గోత్రం, వసురుద్రాదిత్య రూపాలు చెబుతారు. తల్లి, నాయనమ్మ, తాతమ్మల పేర్లూ పలుకుతారు. వృత్తి ఎవరూ అడగరు. రిజిస్టరు వదిలేసిన స్త్రీకి నువ్వులూ నీళ్లూ వదిలే చోట స్థానముంది. తర్పణాల ఆచారం లేని ఇళ్లలో పెత్రమాసకో సంక్రాంతికో పెద్దలకు పెట్టేటప్పుడు గుర్తొచ్చేది వారికి ఇష్టమైన కూర, కల్లు, చుట్ట. నీరటి తాతకు పెట్టే ముద్ద, పటేలు తాతకు పెట్టే ముద్ద ఒకే భావంతో పెట్టేవే.

దొరికిన వృత్తి గర్వం కలిగించినా, సిగ్గు కలిగించినా ఏం చేయాలన్నది మిగిలిన ప్రశ్న. కర్మసిద్ధాంతం ప్రకారం చేసినవాడి ఫలం చేసినవాడిదే. వెట్టి చేసిన తాత అవమానం మనవడిది కాదు, వెట్టి చేయించిన తాత పాపమూ మనవడిది కాదు. అయితే తైత్తిరీయ సంహిత పితృఋణమనే దాన్నొకటి పుట్టుకతోనే తగిలించింది. భూమి సంగతి అంతకన్నా మొండిది. పాపం రాకపోయినా మాన్యం వచ్చింది. వెట్టిచాకిరీతో సాగైన పొలాన్ని అనుభవిస్తూ, ఆ చాకిరీతో మాకు సంబంధం లేదనడం చెల్లదు.

ఆంధ్రప్రదేశ్‌లో కరణం, మునసబు పదవులు 1984 జనవరిలో రద్దయ్యాయి. ఆ పనులు కళ్లారా చూసినవారు ఇంకా ఉన్నారు. వారిని అడగడానికి ఇదే సమయం. వంశవృక్షం రాసేవారు రిజిస్టరు ఒక్కటే ఆధారమైనప్పుడు 'నీరుగంటి' అని కాక, 'నీరుగంటి మాన్యం అనుభవదారు' అని ఆ సంవత్సరంతో సహా రాయాలి. తూము తీసిన చెయ్యి అతనిదేనని ఇంకో సాక్ష్యం దొరికాక ఆ మాట చేర్చవచ్చు.