కొండపూవు ఎవరిది?

తిరుమలలో యాత్రికులు పూలు ముడువరు. కొండమీది ప్రతి పుష్పమును శ్రీవారికే చెందునను భావముచే నిలిచిన ఆచారమిది. గుడివీధులలో దీనిని పాటించుట సులభము. ఫాల్గుణ పౌర్ణమినాడు పాపవినాశనము దాటి, తుంబురు తీర్థ ముక్కోటికి అడవిదారిన నడచునప్పుడే చిక్కు వచ్చును. ఆకురాల్చిన కొండగోగు పసుపుపచ్చని పూలతోను, మోదుగు ఎర్రని పూలతోను నిండియుండు ఋతువది. ముడుచుకొనుటకు గాదు, తీర్థమున స్వామికి సమర్పించుటకే రెండు పూలు కోసికొందుమందురు భక్తులు. తప్పేమి?

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. శాస్త్రము వారి పక్షముననే యున్నట్లు కనబడును. గోవునకు గడ్డిని, అగ్నికి సమిధను, పూజకు పుష్పమును గ్రహించుట చౌర్యము కాదని గౌతమ, యాజ్ఞవల్క్యాదులు అనుమతించిరి. ఆకైనను పూవైనను భక్తితో నిచ్చిన చాలునని గీతాచార్యుడే సెలవిచ్చెను. పైగా ఎవరును విత్తని చెట్టు, ఎవరును నీరు పోయని పూవు. కోయకున్నను మాపటికి నేలరాలునదే గదా!

అయినను ఆ అనుమతి యెవరికిచ్చినదో చూడవలెను. ఉదయమున దోసెడు పూలకై వెడలు గృహస్థుని మనస్సులో నుంచుకొని చెప్పిన మాట యది. ఒక్క పగలు వేలమంది ఒక్క దారిన నడచుచు, తలకు రెండేసి త్రుంచినను చెట్టున మిగులునదేమి? పూవు కాయయై, కాయ పగిలి, దూదివంటి నూగుతో విత్తులు గాలికెగిరిననే గదా మరియొక కొండగోగు మొలచుట! తేనెటీగకును అందులో పాలున్నది.

శ్రీవైష్ణవులకు ఇంకొక విచారము కలదు. ఈ గిరి ఆదిశేషుడే యని పెద్దల విశ్వాసము; దీనిపై పాదము మోపుటకు భగవద్రామానుజులే సంకోచించిరని చెప్పుదురు. అట్టి కొండపై పూచిన పూవు పూచినప్పుడే సమర్పితమైనది. దానిని త్రుంచి మరల సమర్పించుట, స్వామి భుజమునందలి దండను తీసి స్వామికే కానుక పెట్టుట వంటిది. కులశేఖరాళ్వారు ఈ కొండపై సంపెంగ చెట్టుగా నిలువగోరిరి. చెట్టై నిలుచుటయే కైంకర్యమని వారి భావము కాబోలు.

అనంతాళ్వారుల చరిత్ర చూడుడు. రామానుజుల ఆజ్ఞచే పుష్పకైంకర్యమునకై తిరుమల చేరిన ఆ మహనీయునికి చుట్టును అడవిపూలే. అవి చాలుననుకొనలేదు. చూలాలైన భార్యయు తానును మట్టి మోసి, చెరువు త్రవ్వి, తోట పెంచిరి. తన చెమట పట్టని పూవును తనదని యెట్లు ఇచ్చుట యని వారికి తోచియుండును. శాకుంతలమున కణ్వుడు కూతురిని గూర్చి చెప్పునదియు ఇట్టిదే: అలంకారములపై మక్కువ యున్నను, చెట్లపై ప్రేమచే చిగురైనను కోయని పిల్ల యని.

బదరీనారాయణుని సేవించి, గోవింద్‌ఘాట్ నుండి హిమాలయములోని పూలలోయకు నడచు తెలుగు యాత్రికులును ఉన్నారు. మంచు కరగినపిదప పచ్చికబయళ్లు పూలతో నిండు ఆ లోయ 1982లో జాతీయోద్యానమైనది. అచట పూలు కోయుట నిషిద్ధము. మా సదుం వారికి పీలేరు, భాకరాపేట మీదుగా చేరువైన తలకోన సంగతియు నంతే. సుమారు 270 అడుగుల ఎత్తునుండి పడు ఆ జలపాతము, 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జాతీయోద్యానములోనిది. శాసనమునకు వెరచి చేయి ముడుచుకొనువాడును మంచివాడే. జలపాతము క్రింద స్నానమాడి సబ్బుకాగితమును అక్కడనే వదలు భక్తునికంటె చాల మేలు.

మరి వట్టిచేతులతో పోవుటయా యని మా ఊరి ఇల్లాలొకతె అడిగినది. బయలుదేరుటకు ముందు పెరటిలోని తులసిదళములను, నందివర్ధనపు పూలను తడిగుడ్డలో చుట్టి వెంట కొనిపొమ్మంటిని. “దారిలో రాలిపడిన మోదుగుపూవో, అయ్యవారూ?” అన్నది. పారిజాతము వంటివానికి తప్ప నేలరాలిన పూలకు పూజలో చోటు లేదు. త్రొక్కక ప్రక్కగా నడువుమమ్మా యంటిని.