కోస్తా

ఆయన మర్యాదగానే అడిగాడు. అరవై దాటిన అమెరికన్, పక్కనే భార్యతో పడక కుర్చీలో ఉన్నాడు. నేను అప్పుడే సముద్రంలోంచి వచ్చి తెల్ల చొక్కా తగిలించుకుని, మా ఇద్దరి తువ్వాళ్లూ మడతపెట్టి చేతిమీద వేసుకుని నిలబడ్డాను. "ఇంకో రెండు తువ్వాళ్లు తెచ్చిపెడతారా?" అన్నాడు ఇంగ్లీషులో. నన్ను హోటల్ మనిషి అనుకున్నాడు.

"నేనిక్కడ గెస్టుని. డాలస్ నుంచి వచ్చాను" అన్నాను.

మాటల్లో తప్పేమీ లేదు. తప్పంతా గొంతులోనే ఉంది. ఇరవై నాలుగేళ్లుగా ఆఫీసు మీటింగుల కోసం సానబట్టుకున్న యాసనంతా ఆ రెండు ముక్కల్లో పెట్టి, చుట్టుపక్కల కుర్చీల వాళ్లందరికీ వినబడేలా చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది, సారీ చెప్పాడు. నిజంగా తువ్వాళ్లు అందించే కుర్రాడు నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. నా రంగే, ఇంచుమించు నా ఎత్తే. అన్నీ విన్నాడు. వెళ్లి రెండు తువ్వాళ్లు తెచ్చి ఆయనకిచ్చి, నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

"తువ్వాలేగా అడిగాడు, అంత కోపమెందుకండీ?" అంది మా ఆవిడ.

కోపమేమీ లేదన్నాను.

ఇది జరిగింది 2024 డిసెంబరులో, మెక్సికోలోని వహాకా రాష్ట్రంలో, పసిఫిక్ ఒడ్డునున్న ప్వెర్తో ఎస్కొందీదో అనే ఊళ్లో. పెళ్లయిన 19 ఏళ్లలో పిల్లలు లేకుండా, ఆఫీసు ఫోను లేకుండా మేమిద్దరమే చేసిన మొదటి ప్రయాణం. నాలుగు రోజులు సముద్రం, నాలుగు రోజులు వహాకా నగరం. ఏర్పాట్లన్నీ తనవే. డాలస్‌లో మా స్నేహితులు మెక్సికో అంటే కాంకూన్ వెళ్లొస్తారు. తను మాత్రం ఎక్కడో ఒక ఫొటో చూసి, ఈ ఊరికే వెళ్దామంది. వహాకా అన్న పేరు తన నోట వినగానే నాకు లోపల ఎక్కడో కలుక్కుమంది. బయటికి మాత్రం "నీ ఇష్టం" అన్నాను.

ఆ నాలుగు రోజుల్లో హాయి లేదని చెబితే అబద్ధమవుతుంది. సికతేలా అనే పొడవాటి తీరంలో అలలు మనిషిని నిలవనివ్వవు. సర్ఫింగ్ చేసేవాళ్లు దేశదేశాల నుంచి ఆ అలల కోసమే వస్తారు, ఈదాలనుకునేవాళ్లు మాత్రం దూరంగా ఉండాల్సిందే. మేము సాయంత్రాలు అక్కడ ఒడ్డున కూర్చునేవాళ్లం. స్నానానికి కరిసలీయో అనే చిన్న తీరానికి వెళ్లేవాళ్లం. రెండు కొండచరియల మధ్య ఒదిగి, నీళ్లు చెరువులా ఉంటాయి. 150కి పైగా మెట్లు దిగాలి. పొద్దున దిగడం, ఎండెక్కాక ఎగశ్వాసతో ఎక్కి రావడం, ఒక కొబ్బరిబోండాం, ఆ తర్వాత తాళ్ల ఉయ్యాల్లో నిద్ర. మా ఆవిడ బాపట్లలో పుట్టి పెరిగింది. అక్కడి సూర్యలంక తీరంలో సూర్యుడు నీళ్లలోంచి లేవడమే ఎరుగును. ఇక్కడ సూర్యుడు నీళ్లలోకి దిగిపోతాడు. మొదటిరోజు అది చూసి, "మనవైపు నీళ్లలోంచి తీసి, ఇక్కడికి తెచ్చి మళ్లీ నీళ్లలోనే దాస్తున్నారన్నమాట" అంది. చిన్నపిల్లలా ఆ మాట అంటున్నప్పుడు తన మొహం చూసి, ఇన్నేళ్లలో ఇలాంటి సాయంత్రం ఒక్కటైనా ఎందుకివ్వలేకపోయానా అనిపించింది.

తువ్వాళ్ల సంగతి మూడో రోజు మధ్యాహ్నం జరిగింది. ఆ సాయంత్రమే బకోచో తీరంలో తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే చోటుకి వెళ్లాం. ఆలివ్ రిడ్లే జాతి. మన ఆంధ్ర తీరానికీ ఇవే వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టిపోతాయి. మెక్సికో ప్రభుత్వం 1990లో సముద్రపు తాబేళ్ల వేటను నిషేధించింది. అంతకుముందు ఇదే తీరంలో మసూంతే అనే ఊరి దగ్గర తాబేళ్ల వధశాలే ఉండేది. మనుషుల చేతి జిడ్డు తగలకూడదని పిల్లను కొబ్బరిచిప్పలో పెట్టి ఇస్తారు. మా ఆవిడ చిప్పలో ఉన్నది అగ్గిపెట్టెకన్నా కొంచెం చిన్నది, బొగ్గులా నల్లగా ఉంది. ఇసుక మీదకి వంచితే కాసేపు కదల్లేదు. ఆ తర్వాత ముందుకాళ్లతో ఇసుకను తోసుకుంటూ, సన్నటి గీతలు గీసుకుంటూ బయల్దేరింది. మొదటి అల దాన్ని తిరగేసి మళ్లీ మా కాళ్ల దగ్గర పడేసింది. సాయం చెయ్యకూడదని అక్కడివాళ్లు చేత్తో వారించారు. అదే సర్దుకుని మళ్లీ నడిచింది. రెండో అల తీసుకుపోయింది. మా ఆవిడ ఖాళీ చిప్ప పట్టుకుని చీకటి పడేదాకా అక్కడే నిలబడింది.

ఆ రాత్రి తనకు చెప్పాను. పెళ్లికి ముందు సంగతి కాబట్టి చెప్పక్కర్లేదని ఇన్నేళ్లూ సమాధానపరచుకున్నది.

2000లో ఎంఎస్ చదవడానికి టెక్సాస్ వచ్చాను. ఆ ఏడు మిర్చి కల్లంలో ఉండగానే వాన పడి నాన్నకు పంట చేతికి రాలేదు. డబ్బు పంపమని అడిగే ధైర్యం నాకు లేదు. యూనివర్సిటీ భోజనశాలలో గిన్నెలు కడిగే పనికి కుదిరాను. గంటకు 5 డాలర్ల 15 సెంట్లు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు వారానికి 20 గంటలకు మించి చెయ్యకూడదు, అన్నీ చేసేవాణ్ణి. అక్కడ పెద్ద వంటాయన మెక్సికో నుంచి వచ్చినవాడు. యాభై ఏళ్లుంటాయి. నేను గొడ్డుమాంసం ముట్టనని మొదటి వారమే కనిపెట్టాడు. నా షిఫ్టు అయ్యేసరికి రెండు తోర్తియాలు, ఉడికించిన నల్ల బీన్సు, నిప్పుమీద కాల్చిన మిరపకాయ ఒకటి రేకు కాగితంలో చుట్టి పొయ్యి పక్కన పెట్టి ఉంచేవాడు. పద్నాలుగు నెలలు. ఉల్లిపాయ తరగడానికి కత్తి ఎలా పట్టుకోవాలో నాకు నేర్పింది ఆయనే. ఇప్పటికీ అలాగే పట్టుకుంటాను. ఆయన టోపీ మీద అక్షరాలు కూడబలుక్కుని "ఓక్సాకా అంటే ఏంటి?" అని అడిగితే నవ్వి, గాలి ఊదినట్టు "వహాకా" అని పలికి చూపించాడు. ఆయన సొంత ప్రాంతం అది. నన్ను "పైసానో" అని పిలిచేవాడు. మా దేశంవాడా, మా వాడా అని. నాది ఇండియా అని చెప్పాను. అయితే ఏం అన్నట్టు తలూపి, మర్నాడూ పైసానో అనే పిలిచాడు.

2004లో నేను పనిచేసే కంపెనీ తరఫున అదే యూనివర్సిటీకి విద్యార్థులను ఇంటర్వ్యూ చెయ్యడానికి వెళ్లాను. మధ్యాహ్నం భోజనం అదే హాల్లో. మెడలో టై, చేతిలో ట్రే, పక్కన ఇద్దరు సహోద్యోగులు. ఆయన లోపల్నుంచి ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నన్ను చూశాడు. "పైసానో!" అని రెండు చేతులూ చాపాడు.

"నీకు తెలిసినాయనా?" అని అడిగాడు నా పక్కనున్నతను.

"కాదు, ఇంకెవరో అనుకుంటున్నట్టున్నాడు" అన్నాను. ఆయనకు అర్థమయ్యేంత తేలిక ఇంగ్లీషులోనే అన్నాను.

ఆయన చేతులు మెల్లిగా కిందికి దించాడు. "పెర్దోన్" అన్నాడు. క్షమించమని. అని లోపలికి వెళ్లిపోయాడు.

ఎందుకలా అన్నానో చెప్పుకోవడానికి నా దగ్గర కారణాలు చాలానే పోగుపడ్డాయి. కుర్రతనం, కొత్త ఉద్యోగం, వీసా భయం. ఒక్కొక్కటీ తీసి చూస్తే ఏదీ నిలవదు. ఆయన్ని పలకరిస్తే నా ఉద్యోగం పోదు, నా వీసా ఆగదు. ఆ ఇద్దరి ముందు నేను దాచింది గిన్నెలు కడిగిన నన్ను. దాచడానికి అడ్డొచ్చాడని ఆయన్ని కాదన్నాను. ఇది అమెరికా నేర్పిన బుద్ధి అనుకుంటే నాకు కొంచెం ఊరటగా ఉండేది. కానీ మా పొలంలో మిరప కోతకు వచ్చిన కూలీలు దోసిళ్లు పడితే, చెంబు తగలకుండా ఎత్తునుంచి నీళ్లు పొయ్యడం నేను చూస్తూ పెరిగాను. పన్నెండేళ్లు వచ్చాక నేనూ అలాగే పోశాను. ఎవరికి తగలకుండా ఎంత ఎత్తులో ఉండాలో ఆ చెంబు పట్టిన చేతికి బాగా తెలుసు. ఆ కొలత నాతోపాటే విమానమెక్కింది.

మా ఆవిడ చీకట్లో అంతా విన్నది. ఉయ్యాల తాడు కిర్రుమంటున్న చప్పుడు తప్ప చాలాసేపు ఏమీ లేదు.

"ఆయన పేరేంటి?" అంది చివరికి.

వంటింట్లో అందరూ ఆయన్ని "హెఫె" అనేవాళ్లు. పెద్దాయన అన్నట్టు. నేనూ అదే అనేవాణ్ణి. పేరు నేనెప్పుడూ అడగలేదు. ఆ సంగతి నాకు ఆ క్షణందాకా తట్టనే లేదు.

"పద్నాలుగు నెలలు ఆయన చేతి కూడు తిన్నారు" అంది తను, లెక్క సరిచూసుకుంటున్నట్టు. ఆ తర్వాత అటు తిరిగి పడుకుంది. నిద్రపోలేదని నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే తువ్వాళ్ల కుర్రాడి కోసం వెతికాను. ఆ రోజు అతనికి సెలవు. రిసెప్షన్‌లో అతని పేరు అడిగితే, ఏమైనా ఫిర్యాదు ఉందా సార్ అని కంగారుపడ్డారు. గెస్టు పేరు అడిగాడంటే అతనికి ముప్పనే వాళ్లకు అర్థమవుతుంది. ఏమీ లేదని చెప్పి వచ్చేశాను.

సముద్రం నుంచి నగరానికి పర్వతాలు దాటి వెళ్లాలి. 2024 ఫిబ్రవరిలో కొత్త రహదారి తెరిచారు. అంతకుముందు ఆరేడు గంటల మలుపుల ప్రయాణం ఇప్పుడు మూడు గంటలకు దగ్గరైంది. తాటాకు పందిళ్లు, కొబ్బరిచెట్లు వదిలిపెట్టి 1,550 మీటర్ల ఎత్తులో దిగేసరికి మా ఆవిడ శాలువా తీసింది. దారి పొడుగునా మేం ఎక్కువ మాట్లాడుకోలేదు. కానీ ఒక మలుపులో తన చెయ్యి వచ్చి నా చేతిమీద పడింది, ఊరొచ్చేదాకా తియ్యలేదు.

నగరం పక్కన కొండ శిఖరాన్ని చదును చేసి సపోతెక్ జాతివాళ్లు క్రీస్తుకు పూర్వం 500 ప్రాంతంలో కట్టిన మోంతే అల్బాన్ ఉంది. అక్కడ 300కు పైగా రాతిపలకల మీద మెలికలు తిరిగిన మనుషుల బొమ్మలు దొరికాయి. మొదట చూసినవాళ్లు నాట్యం చేస్తున్నారనుకుని "నర్తకులు" అని పేరు పెట్టారు. అవి యుద్ధంలో పట్టి చంపిన బందీల బొమ్మలని ఇప్పుడు చాలామంది పండితుల అభిప్రాయం. పేరు మాత్రం నర్తకులనే ఉండిపోయింది. విహారానికి వచ్చిన నా కళ్లకూ ముందు నాట్యమే కనబడింది. మా ఆవిడే ఒక రాయి ముందు ఆగి, "కళ్లు మూసుకుని ఉన్నాయి చూడండి" అంది.

నగరం నడిబొడ్డున పెద్ద బజారుకి బెనితో హువారెస్ పేరు పెట్టారు. 1806లో ఇక్కడి కొండల్లో సపోతెక్ కుటుంబంలో పుట్టినవాడు. పన్నెండేళ్ల వయసులో స్పానిష్ రాకుండానే ఈ నగరానికి వచ్చి, తన అక్క వంటమనిషిగా పనిచేస్తున్న ఇంట్లో చేరాడు. 1858లో దేశాధ్యక్షుడయ్యాడు. ఆ అక్క పేరు హోసెఫా. తమ్ముడు అంతవాడు కాబట్టి వంటమనిషి పేరు చరిత్రలో మిగిలింది.

ఆ బజార్లోనే, చివరి రోజు, ఎండుమిరపకాయల కొట్టు ముందు ఆగాను. ఆగకుండా ఉండలేను, మిర్చి రైతు కొడుకుని. మిరప పుట్టిల్లు ఈ దేశమే. ఐదొందల ఏళ్ల కిందట పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి వచ్చి, మా గుంటూరులో మా తాతల నాటిదన్నంత సొంతమైపోయింది. బుట్టల్లో చిల్వాక్లే ఉంది, నల్లగా, బొద్దుగా. ఇక్కడివాళ్లు నల్ల మోలే అనే పులుసులో వేసేది అదే. పొగచూరిన పసీయా ఉంది. వాటన్నిటి మధ్య సన్నగా, ఎర్రగా, నిగనిగలాడుతూ మా గుంటూరు సన్నం మిరపకు తోబుట్టువులాంటి కాయ ఒకటి కనబడింది. గుప్పెడు తీసుకుని చెవి దగ్గర ఊపాను. నాన్న అలాగే చేసేవాడు, గింజ గలగలమంటే కాయ బాగా ఎండినట్టు. ఒకదాని తొడిమ విరిచి వాసన చూశాను. తాలుకాయ ఒక్కటి కూడా లేదు.

కొట్టులో ఉన్నామె, మా అమ్మ వయసుంటుంది, నా చేతుల్నే చూస్తోంది. "అది కోస్తెన్యో" అంది. కోస్తా కాయ అని. తర్వాత మా ఇద్దరి మొహాలూ చూసి అడిగింది. నాకు వచ్చిన కొద్దిపాటి స్పానిష్‌కి కూడా ఆ ప్రశ్న తేటగా అందింది. "మీరు కోస్తా వాళ్లా?"

డాలస్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మా ఆవిడ నా వైపే చూస్తోంది. కోస్తా. పోర్చుగీసువాళ్లు మన తీరంలో వదిలి వెళితే మనం తెలుగు చేసుకున్న మాట. చిన్నప్పుడు రేడియోలో వాతావరణం చెప్పేటప్పుడు రోజూ విన్న మాట. మా నాన్న పొలం ఉన్న జిల్లాకి, మా ఆవిడ పుట్టిన ఊరికి మేం పెట్టుకున్న మాట.

"సీ" అన్నాను. "దె లా కోస్తా."

ఆమె తల పంకించి, నేను ఎంచినవాటి మీద మరో గుప్పెడు వేసింది. మా ఆవిడ ముందుకి వంగి, కారులో వచ్చేటప్పుడు ఫోన్లో చూసి నేర్చుకున్న ఒక్క వాక్యం మెల్లిగా, తడుముకుంటూ అడిగింది. "కోమో సె యామా?" మీ పేరేంటి అని. ఆమె చెప్పింది. నేను ఆ పేరు ఒకసారి పలికాను, ఒత్తు తప్పింది. ఆమె మళ్లీ చెప్పింది, నిదానంగా, పెదాలు చూపిస్తూ. నేను మళ్లీ పలికాను.