గురువు చేసిన తప్పు, శిష్యుడు తీర్చాల్సిన రుణం

2012 ఆగస్టులో లండన్ ఒలింపిక్స్‌లో పదివేల మీటర్ల పరుగు గెలిచిన ఒక ముస్లిం క్రీడాకారుడు ట్రాక్ మీదే నుదురు ఆన్చి అల్లాహ్‌కు సజ్దా చేశాడు. సోమాలీ కుటుంబంలో పుట్టి బ్రిటన్‌లో పెరిగిన ఆ క్రీడాకారుడే మో ఫరా. లండన్‌లోనూ, 2016 రియోలోనూ 5,000, 10,000 మీటర్ల స్వర్ణాలు ఆయనవే. ఆ విజయాలకు తర్ఫీదునిచ్చినవాడు అమెరికా శిక్షకుడు అల్బెర్టో సలజార్. 1980 నుండి వరుసగా మూడేళ్లు న్యూయార్క్ మారథాన్ గెలిచిన మేటి ఆయన.

ఫరా 2017లో ఆయన్ను విడిచిపెట్టాడు. డోపింగ్ నిబంధనలను ఉల్లంఘించినందుకు 2019లో సలజార్‌పై నాలుగేళ్ల నిషేధం పడింది. 2021లో లైంగిక, మానసిక దుష్ప్రవర్తన కారణంగా అమెరికా అథ్లెటిక్స్‌లో శాశ్వతంగా అనర్హుడయ్యాడు. ఫరా మీద మాత్రం ఏ నేరమూ రుజువు కాలేదు.

మరి ఇలాంటి గురువు వద్ద నేర్చుకున్నవారు ఆయన వృత్తి ఘనతను గౌరవించాలా? కొందరు ‘అన్నం పెట్టిన చేతిని నరకకూడదు’ అంటారు. మరికొందరు ఆయన పేరే ఎత్తవద్దంటారు. మనం ధర్మం వైపు చూద్దాం.

హజ్రత్ అబూ హురైరా (రజి) రమజాన్ జకాత్ ధాన్యానికి కాపలా ఉన్నప్పుడు ఒకడు వరుసగా మూడు రాత్రులు దొంగతనానికి వచ్చి పట్టుబడ్డాడు. మూడోసారి వాడు, నిద్రపోయే ముందు ఆయతుల్ కుర్సీ పఠిస్తే రక్షణ లభిస్తుందని చెప్పి విడిపించుకున్నాడు. దైవప్రవక్త (స) ఆ సంగతి విని, వాడు అబద్ధాలకోరే అయినా ఈ మాట నిజమే చెప్పాడని, వచ్చినవాడు షైతాన్ అని తెలియజేశారు. ఇది బుఖారీలోని హదీసు. సలజార్‌ను షైతాన్‌తో పోల్చడం మా ఉద్దేశం కాదు, అల్లాహ్ రక్షించుగాక! మేము చూపదలచింది ఒక్కటే. నిజమైన మాటను తీసుకున్నారు, చెప్పినవాడి అబద్ధాలను కప్పిపెట్టలేదు.

కనుక పరుగు నేర్పాడంటే నేర్పాడనే చెప్పాలి. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కూ కృతజ్ఞుడు కాడని ప్రవక్త (స) బోధించారు. కానీ కృతజ్ఞత వేరు, సాక్ష్యాన్ని దాచడం వేరు. తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా న్యాయానికి సాక్షులుగా నిలవమని నిసా సూరా 135వ ఆయత్ ఆదేశిస్తోంది. శిక్షకుడి హక్కు తల్లిదండ్రుల హక్కు కంటే పెద్దదా?

ఇక్కడ మనం సాధారణంగా మరచిపోయేది బాధితులను. సలజార్ వద్ద చిన్న వయసులోనే చేరిన మేరీ కెయిన్, బరువు తగ్గమని తనను ఎంతగా వేధించారో 2019లో బహిరంగంగా చెప్పింది. అదే గురువుకు శిష్యులంతా కలిసి సన్మానం చేస్తే ఆమెకు ఏమనిపిస్తుంది? ఎక్కడైనా ఒక శిక్షకుడిపై పిల్లలు ఫిర్యాదు చేస్తే ‘ఎన్ని కప్పులు తెచ్చాడో తెలుసా’ అని సర్దిచెప్పే పెద్దలు ఉంటూనే ఉన్నారు. ఆ కప్పులు ఎవరి కన్నీళ్లకు పరిహారం? నైకీ సంస్థ తన ప్రాంగణంలోని భవనానికి ఉన్న సలజార్ పేరును 2021లో తొలగించింది. దాంతో ఆయన గెలిచిన మారథాన్లు రికార్డుల నుండి చెరిగిపోలేదు. గోడమీది పేరు గౌరవం, రికార్డులోని పేరు వాస్తవం. మొదటిదాన్ని తీసేయవచ్చు, రెండోదాన్ని దాచనక్కరలేదు.

తౌబా ద్వారం ఆయనకూ తెరిచే ఉంది. అయితే దాసుల హక్కుల విషయంలో నొచ్చుకున్నవారి క్షమాపణ కూడా కావాలి. శిష్యుడికి నిజంగా గురుప్రేమ ఉంటే వేదికపై పొగడ్తలు అవసరం లేదు. ఆయన వద్దకు వెళ్లి, మీరు బాధపెట్టినవారిని ముందు క్షమాపణ అడగండి అని చెప్పవచ్చు. ఆ ధైర్యం చాలకపోతే తహజ్జుద్‌లో ఆయన సన్మార్గం కోసం దుఆ చేయవచ్చు.