సంవత్సరాది ఏ క్షణాన?

సూర్యుని చుట్టూ భూమి తిరిగే కక్ష్యకు మొదలూ తుదీ లేవు కాబట్టి, అందులో ఏ బిందువును సంవత్సరారంభమన్నా అది మనిషి చేసుకున్న ఏర్పాటే అవుతుందన్న వాదం తొలిచూపుకు తిరుగులేనిదిగానే కనిపిస్తుంది. పంచాంగ గణితం నేర్చుకుంటున్న శిష్యుడొకడు ఈ వాదాన్నే సిద్ధాంతి ముందుంచి, జనవరి 1, రెవెన్యూ లెక్కల్లో ఫసలీ మొదలయ్యే జులై 1, చైత్ర శుద్ధ పాడ్యమి అన్నీ ఒకే కోవకు చెందుతాయని, ఉగాదికి ఆకాశం ప్రత్యేకంగా ఇచ్చిన అధికారమేమీ లేదని అన్నాడు.

“ఏర్పాటు మనిషిదే, నాయనా. అయితే జనవరి 1న ఆకాశంలో చెప్పుకోదగినదేదీ జరగదు. పాడ్యమి అలా కాదు. సూర్యచంద్రులు కలిసే అమావాస్యాంతంలో మొదలై, చంద్రుడు సూర్యుణ్ణి పన్నెండు డిగ్రీలు దాటేవరకు అది సాగుతుంది. పైగా ప్రతి పాడ్యమీ ఉగాది కాదు. సూర్యుడు మేషరాశిలో ప్రవేశించే చాంద్రమాసమే చైత్రం. పన్నెండు చాంద్రమాసాలు సుమారు 354 రోజులే కావడంతో ఏటా పడే పదకొండు రోజుల లోటును, సంక్రమణం లేని మాసాన్ని అధికమాసంగా లెక్కగట్టి పూడుస్తాం” అని సిద్ధాంతి బదులిచ్చారు.

“అలాగైతే సూర్యచంద్రులు కలిసిన క్షణమే సంవత్సరాది కావాలి కదా, గురువుగారూ! 2026 మార్చి 19న అమావాస్య ఉదయం 6 గంటల 53 నిమిషాల ప్రాంతంలో ముగిసింది. అప్పటికే హైదరాబాదులో సూర్యోదయమైంది. పాడ్యమి మరునాటి సూర్యోదయానికి ముందే వెళ్లిపోయింది. ఏ సూర్యోదయానికీ అందని ఇలాంటి తిథినే క్షయతిథి అంటున్నాం. అయినా పండుగ 19నే చేసుకున్నాం. ఆ ఉదయం ఆరున్నరకు సంకల్పం చెప్పుకున్నవారు విశ్వావసు పేరు చెప్పాలా, పరాభవ పేరు చెప్పాలా? న్యూయార్కులో అదే అమావాస్య 18వ తేదీ రాత్రే ముగిసింది కాబట్టి, అక్కడి తెలుగువారికి ఈ చిక్కే లేదు.”

క్షణానికి నిడివి లేదని, నిడివి లేనిదానిలో స్నానం గానీ పంచాంగ శ్రవణం గానీ కుదరవని, ఆచరణకు దినం కావాలని, ఆ దినం సూర్యోదయంతో మొదలవుతుందని, సూర్యోదయం ఊరూరికీ మారుతుందని సిద్ధాంతి వివరించారు. క్షణాన్ని ఆకాశం ఇస్తుంది, ఉదయాన్ని నేల ఇస్తుంది. రెండూ కలవనప్పుడు ఎటు మొగ్గాలో శాస్త్రకారులు నిర్ణయిస్తారు. ఈ సమాధానం పండుగ ఏనాడో తేలుస్తుంది గానీ, సంకల్పంలో పలకవలసిన పేరును తేల్చదు. తేల్చినట్టు ఆయనా చెప్పుకోలేదు.

శిష్యుడు అంతటితో ఆగలేదు. పగలూ రాత్రీ సమమయ్యే విషువత్తు మార్చి 20, 21 తేదీల్లోనే వస్తుండగా, నక్షత్రాలను బట్టి గణించే మేష సంక్రమణం ఏప్రిల్ 14 ప్రాంతానికి జరిగింది; అయనాంశ అనే ఈ అంతరం సుమారు 71 ఏళ్లకు ఒక రోజు చొప్పున పెరుగుతూనే ఉంది. మరో రెండు వేల ఏళ్లకు ఉగాది దాదాపు నెల రోజులు వెనుకబడి వసంతాన్ని దాటిపోదా అన్నది అతని ప్రశ్న.

“మేఘనాద్ సాహా అధ్యక్షతన కూర్చున్న సంఘానికీ ఇదే బెంగ. 1957 మార్చి 22న అమలులోకి వచ్చిన జాతీయ పంచాంగంలో చైత్రం 1వ తేదీని మార్చి 22న, లీపు సంవత్సరమైతే 21న నిలిపారు. ఋతువును పట్టుకున్నారు, చంద్రుణ్ణి వదిలేశారు. అందుకే ఆ చైత్రం గెజెట్‌కెక్కింది గానీ, ఏ గుమ్మానికీ మామిడాకులు కట్టించలేకపోయింది” అన్నారు సిద్ధాంతి.

“మరి తిథి, ఋతువు, నక్షత్రం మూడూ కలిసి నిలవనప్పుడు మీరు దేన్ని వదులుకుంటారు?”

వేపపువ్వు దొరకని ఉగాదిని ఊహించుకోవడం కన్నా నక్షత్రాన్ని వదులుకోవడమే మేలని సిద్ధాంతి తడుముకోకుండానే చెప్పారు. అప్పుడు మకర సంక్రాంతి డిసెంబరు 21కో 22కో వెనక్కి వెళ్లాల్సి వస్తుందని శిష్యుడు గుర్తుచేయగా, దానికీ అభ్యంతరం లేదన్నారు. వచ్చే ఏటి పంచాంగానికి ఆయన గణించి ఉంచిన ప్రతిలో మాత్రం మకర సంక్రాంతి జనవరిలోనే ఉంది.