పక్క కణం

ఆకులో ఈనె తెగితే ఆ రెండు కొసలూ మళ్ళీ అతుక్కోవు. ఆకు లేతదైతే, గాయాన్ని చుట్టి వచ్చే కొత్త ఈనె ఒకటి పుట్టి అవతలి కొసను అందుకుంటుంది.

పుదుచ్చేరిలోని తేంగాయితిట్టులో అరియాంకుప్పం ఏటి గట్టున మడ చెట్లున్నాయి. యానాంలో పెరిగిన నాకు మడాకు కొత్త కాదు. బొటనవేలితో రుద్దితే వేలికి ఉప్పు అంటుతుంది. నడి ఈనెను పురుగు కొరికేసిన ముదురాకు ఒకటి చూశాను, కొస దాకా పచ్చగానే ఉంది. ముదురాకులో కొత్త ఈనె పుట్టడం కష్టం. వలలా అల్లుకున్న సన్న ఈనెలే నీటిని అటు చేరవేస్తాయి.

లేతాకు తీరు వేరు. ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ గాయం దగ్గర దారి లేక పక్క కణాల్లోకి మళ్ళుతుంది. ఎక్కువగా ఏ కణాల గుండా పారితే అవే ఈనెగా మారతాయి. తెగిన కాండంలో ఈ హార్మోను పనిని విలియం జేకబ్స్ 1952లోనే కోలియస్ మొక్కలో చూపించారు. మన పెరటి వామాకు కూడా ఆ ప్రజాతిదే. ఆకు విషయానికొస్తే, తిరువనంతపురం ఐసర్‌లో కాలికా ప్రసాద్ బృందం 2020లో అరబిడాప్సిస్ మొక్క మీద చేసిన పని గొప్పది. వాళ్ళు తేల్చిందేమంటే, ప్లెథోరా అనే ప్రొటీన్లు మరో జన్యువును మేల్కొలుపుతాయి, రెండూ కలిసి గాయం దగ్గరే ఆక్సిన్ తయారు చేయిస్తాయి.

నన్ను వదలనిది మాత్రం ఆ పక్క కణమే. నీరు మోసే గొట్టం కావాలంటే అది చచ్చిపోవాలి. గోడలు గట్టిపడ్డాక లోపలున్నదంతా కరిగిపోయి బోలుగా మిగులుతుంది. ఆహారం మోసే కణం బతికే ఉంటుంది గానీ తన కేంద్రకాన్ని పోగొట్టుకుంటుంది. కోలుకున్న ఆకును చూపించి ధైర్యం చెప్పేవాళ్ళు ఈ సంగతి ఎత్తరు. దీన్ని త్యాగం అనను, కణానికి కాదనే వీలెక్కడిది?

మా నాన్నా పెదనాన్నా మాటలు మానేశాక రెండిళ్ళ కబుర్లూ మా మేనత్తే మోసింది. పెళ్ళి పిలుపులు, పొలం లెక్కలు, జబ్బుల సంగతులు, అన్నీ "వాడితో చెప్పు", "ఆయనతో చెప్పు" అంటూ ఆవిడ గుండానే నడిచాయి. కుటుంబం చీలిపోలేదని ఊరంతా మెచ్చుకుంది. ఆవిడ తన మాటగా ఏదైనా అనగా నేను వినలేదు. కాదనే వీలు ఆవిడకుందో లేదో నాకిప్పటికీ తేలలేదు. అన్నలిద్దరూ పోయారు. ఆవిడ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. ఎవరు ఫోన్ చేసినా, "ఎవరికి చెప్పమంటావురా?" అనే అడుగుతుంది.